బర్రెకు దక్కిన గొంతు

మా బర్రెను చూసి నేను ఓర్వలేకపోయేదాన్ని. యాభై ఏండ్లు దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్న అక్షరాలతో ఇది రాయాలంటే సిగ్గుగానే ఉంది. కానీ జరిగింది ఇదే. తోడికోడలి మీద కాదు, పక్కింటామె మీద కాదు, ఇంటి వెనక గుంజకు కట్టేసిన బర్రె మీద ఏండ్ల తరబడి కుళ్లుకున్నాను.

మాది కరీంనగర్ జిల్లాలో బట్ట నేసే ఊరు. చేతి మగ్గాలు పోయి కరెంటు సాంచెలు వచ్చిన కాలంలో నేను ఆ ఇంటికి కోడలినయ్యాను. ముందరి అర్రలో రెండు సాంచెలు. మా ఆయన వాటిని నడిపేవాడు. పక్కనే కూర్చుని నేను నూలు కండెలు చుట్టేదాన్ని. పొద్దున మొదలైన టకటక పొద్దుగూకేదాకా ఆగేది కాదు. నా చెవుల్లోంచి మొదట పిచ్చుకలు పోయాయి. గోడ మీద కూర్చుని ముక్కులు తెరిచి మూసేవి, కూత మాత్రం వినపడేది కాదు. ఆ తర్వాత నా బిడ్డ కాళ్ల గజ్జెలు పోయాయి. రెండో పిల్ల నడక నేర్చేనాటికి, మెల్లగా అన్న మాట ఏదీ నాదాకా వచ్చేది కాదు.

అప్పటినుంచి మా ఆయన నాతో మాట్లాడితే అరుపే.

"ఓ చెవిటిదానా, బువ్వ పెట్టు!"

మంచిమాటైనా అంతే. బతుకమ్మ పండుగకు చీర తెచ్చిన రోజు "కట్టుకో! మంచిగున్నది!" అని అరిస్తే, కొట్లాట అనుకుని పక్కింటివాళ్లు తొంగి చూశారు.

ఆ బర్రె నిజానికి నాది. నన్ను కన్న మా అవ్వ పెండ్లినాడు నాకు అరణంగా తోలింది. కానీ దాని మొదటి దుడ్డె చచ్చిపోయినప్పటినుంచి అది మా ఆయనకు తప్ప ఎవరికీ పాలు చేపేది కాదు. ఆయన దాని మెడ మీద చెయ్యి వేసి, నుదురు ఆనించి ఏదో చెప్పేవాడు. నాకు ఆయన వీపు మాత్రమే కనిపించేది. బర్రె ఒక చెవి ఆయన వైపు తిప్పి, రెండో చెవితో ఈగలు తోలుకునేది. కాసేపటికి పొదుగు నిండేది.

ఒకరోజు ఉండబట్టలేక మా అత్తను అడిగాను. ఆమె ఎన్నడూ సాంచెల అర్రలో కూర్చోలేదు. చీమ నడిచినా వినేది.

"ఏమంటడత్తా దాంతోని?"

"ఏమంటడు, పిచ్చోడు! నా బంగారం అంటడు. నా తల్లి, అలిసినవా బిడ్డా అంటడు."

ఆ రోజు దానికి కుడితి పెట్టకుండా మధ్యాహ్నం దాకా కడుపు మాడ్చాను. దానికి అదేం పట్టలేదు. నూలు తేవడానికి పోయిన ఆయన సైకిలు మా వీధి మొదట్లో ఉండగానే చెవులు నిక్కబొడుచుకుంది. నాకు ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడితే గానీ తెలియలేదు. ఆయన అడుగుల చప్పుడు కూడా దానికే దక్కింది.

ఒక ఏడు ఆయన అంజన్న మాల వేసుకుని, తోటివాళ్లతో కొండగట్టుకు నడిచి పోయాడు. పోతూ పోతూ నాకు హుకుం జారీ చేశాడు.

"నా అంగి తొడుక్కొని పిండు! వాసన పడ్తది!"

అట్లాగే చీర మీద ఆయన అంగి తొడుక్కుని పోయాను. బర్రె మూతి చాపి అంగిని వాసన చూసింది. పనైందనుకుని దాని పక్కన కూర్చుని, అత్త చెప్పిన మాటలే అన్నాను. నా బంగారమా, నా తల్లీ, చేపవే. అది రెండు చెవులూ వెనక్కి వేసి, ఒక్క తన్ను తన్నింది. గిన్నె పోయి పేడలో పడింది. సాయంత్రమూ అంతే. పొదుగు రాయిలా గట్టిపడింది. ఇంకో పూట ఇట్లాగే ఉంటే నా అరణం బర్రె నా చేతుల్లోనే పాడయిపోతుంది. వచ్చి ఆయన ఏమంటాడు? దాని మెడ పట్టుకుని ఇంకా ఎన్ని మెత్తని మాటలు చెబుతాడు?

మర్నాడు పొద్దున మా అత్త వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నాకు వినపడాలని ఆమె కూడా గట్టిగానే అంది.

"పాలు పిండవోతున్నవా, కొట్లాటకు పోతున్నవా? గట్ల ఒర్లితే అది చేపుతదా?"

"నేను మెల్లగనే అంటున్న గదత్తా."

"మెల్లగనా! వాడకట్టంత ఇన్నది నీ బంగారం!"

పిల్లలను నిద్రపుచ్చినప్పుడు, జ్వరం వచ్చిన ఆయనకు ధైర్యం చెప్పినప్పుడు, ఇదే గొంతా? ఒక్కరూ చెప్పలేదే!

గొంతు మీద అరచెయ్యి పెట్టుకున్నాను. మాటను తగ్గిస్తూ పోయాను. నాకు వినపడటం ఆగిపోయాక కూడా ఇంకొంచెం తగ్గించాను. అరచేతికి సన్నని అదురు మాత్రం తగులుతోంది. ఆ గొంతుతో 'నా బంగారం' అనడానికి మనసొప్పలేదు. నోటికి వచ్చిందే అన్నాను.

"ఓ నా సవితీ, ఏం మందు పెట్టినవే మా ఆయనకు? మా అవ్వ నిన్ను నాకిచ్చిందా, ఆయనకిచ్చిందా?"

బర్రె చెవి ఒకటి కదిలింది. మెల్లగా తిరిగి నా వైపు ఆగింది. నేను తిడుతూనే ఉన్నాను. అది కండ్లు సగం మూసింది. చేతికింద పొదుగు మెత్తబడి, మొదటి ధార గిన్నె అడుగున పడింది. ఆ చప్పుడు నాకు వినపడలేదు, గిన్నె అంచు మీద వేలికి తెలిసింది. దూరంగా నిలబడ్డ మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. తిట్లన్నీ విన్నదన్నమాట.

నాలుగో రోజు నేను పాలు పిండుతుండగా ఆయన వచ్చాడు. ప్రసాదం సంచి గుంజకు తగిలించి అక్కడే నిలబడిపోయాడు. బర్రె ఆయన వైపు ఒకసారి చెవి తిప్పింది, మళ్లీ నా వైపు తిప్పుకుంది. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఏం చెప్తున్నవే దానికి?" అని అరిచాడు.

"నీకెందుకు?" అన్నాను, కొత్తగా నేర్చుకున్న ఆ గొంతుతోనే.

"ఆఁ?" అంటూ వంగి చెవి నా దగ్గరికి తెచ్చాడు. అప్పుడు అర్థమైంది. నాకంటే ముందునుంచీ సాంచెల నడుమే నిలబడ్డ ఆయన చెవులు నాకంటే ముందే పోయాయి. ఎవరికీ చెప్పలేదు, అంతే.

"గట్టిగ చెప్పు!"

చెప్పలేదు. బర్రెతో నా మాట నేను చెప్పుకుంటూ పిండుతూనే ఉన్నాను. ఆయన నా పెదాల వంక, దాని చెవి వంక మార్చి మార్చి చూశాడు. ఆ చూపు నాకు కొత్తది కాదు. అట్లా చూడటం నాకు ఎన్నేండ్లుగానో అలవాటు. నిజం చెప్పాలంటే, అది ఆయన ముఖంలో కనిపిస్తే నా ప్రాణానికి హాయిగా ఉంది.

చివరికి చెయ్యి చాచి గిన్నె పట్టుకున్నాడు.

"ఇటియ్యి! రేపటి సంది నేనే పిండుత!"

"ఇయ్య!" అన్నాను. ఆ ఒక్క మాట మాత్రం వాడకట్టంతా వినేట్టు అన్నాను.