పాలారులో చెలమ

కుప్పం దగ్గర పాలారు నాకు తెలిసినంతవరకూ ఇసకే. చిన్నప్పుడు అమ్మ తుంగ పచ్చగా ఉన్నచోట కూర్చుని చేతులతో చెలమ తవ్వేది. మోచేతి లోతుకే నీళ్లు ఊరేవి.

"ఏరు యాడికీ పోలేదు నాయనా, ఇసక కింద పండుకోనుండాది" అనేది.

మొన్న ఆమె అస్థికలు కలపడానికి అక్కడికే వెళ్లాం. ఇసకంతా లారీలకెత్తేశారు, బండ తేలింది. ఆ లారీలవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టాను. మదనపల్లెలో నా ఇల్లు లేచిందీ ఆ ఇసకతోనే.

బండసందుల్లో మట్టి తవ్వాను. గోళ్లు విరిగాయి గానీ తడి తగల్లేదు.

"అన్నా, క్యాన్ నీళ్లు తెచ్చుండాను, పోసేద్దాం" అన్నాడు తమ్ముడు.

ఆ గుంటలో పోశాడు. అంగట్లో కొన్న నీళ్లలో అమ్మను కలిపాను.

అమ్మ యాడికీ పోలేదు. నా కాళ్ల దగ్గరే నిలిచిపోయింది.