తలుపుకి ఎదురు కుర్చీ

మా సందు చివర ఆవిరి బన్నుల కొట్టు నడిపే లువో సూచిన్‌ని చెంగ్డూ ఉత్తరపు పేటలో ఎరగనివాళ్లు లేరు. మనిషిని ఎరగకపోయినా గొంతు వినే ఉంటారు. "మాంసం బన్నులు అయిపోయాయి, కూర బన్నులు తింటే తినండి, లేకపోతే దారివ్వండి" అని పొద్దున్నే ఆమె కేకేస్తే ఎదురు మేడ మీద నిద్రపోతున్నవాళ్లు లేచి మొహం కడుక్కునేవారు. మొగుడు పోయేనాటికి కూతురు వెన్‌వెన్‌కి ఇంకా పాలపళ్లే. ఆ పిల్లని వీపున కట్టుకుని పిండి పిసికింది, చదివించింది, ఉద్యోగస్తురాలిని చేసింది. మాజాంగ్ ఆడితే ఓడినవాళ్లని ఏడిపించందే బల్ల దగ్గర నుంచి లేవదు. అలాంటి మనిషి ఆ శరత్కాలంలో రోజూ అద్దం ముందు నిలబడి మెల్లగా మాట్లాడటం నేర్చుకుందంటే నమ్ముతారా? నేర్చుకుంది.

కారణం లేకపోలేదు. అంతకుముందు వెన్‌వెన్‌కి ఒక సంబంధం ఖాయమయ్యేదాకా వచ్చింది. అబ్బాయి తల్లిదండ్రులు కొట్టు మీదున్న ఇంటికి వచ్చారు. సూచిన్ వాళ్లకి కొసరి కొసరి తినిపించింది, గట్టిగా మాట్లాడింది, అంతకన్నా గట్టిగా నవ్వింది. వెళ్తూ వెళ్తూ మెట్ల మీద ఆ తల్లి మొగుడితో అన్న మాట ఆమె చెవిన పడింది: "ఈవిడతో వియ్యమంటే బజారుతో వియ్యమే." ఆ సంబంధం మరి ముందుకి కదల్లేదు. వెన్‌వెన్ "పోతే పోయిందిలే అమ్మా" అంది గానీ, ఆ తర్వాత చాలాకాలం పెళ్లి మాటెత్తితే లేచి వెళ్లిపోయేది. ఆ పాపం తనదేనన్న బాధ సూచిన్ గుండెలో ముల్లులా దిగిపోయింది.

ఇప్పుడు ఇన్నాళ్లకి వెన్‌వెన్ ఇంకొకర్ని ఇష్టపడింది. హావ్‌రాన్ అని, ఎక్కడో తూర్పున ఉన్న షాన్‌డోంగ్ నుంచి వచ్చి ఇక్కడే పనిచేస్తున్నాడు. నెమ్మదస్తుడు. పది మాటలడిగితే ఒక మాట చెబుతాడు. వాళ్ల నాన్నకి మోకాళ్ల నొప్పులు, ప్రయాణం చేయలేడు. అమ్మ చుయ్ ఫెంగ్‌షియా ఒక్కతే వస్తోంది. రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరైన మనిషట. ఆ మాట వినగానే సూచిన్‌కి టికెట్ లేకుండా రైలెక్కినంత భయం పట్టుకుంది.

"ఇంటికే పిలుద్దామే. హోటలెందుకు?" అంది కూతురితో.

"ఇంట్లో అయితే నువ్వు వంటింట్లోంచి ఇవతలికి రావు. ఆవిడ గోడలతో మాట్లాడాలా? మీ ఇద్దరికీ చెరో గది తీసుకున్నాను. ఈ ఒక్క రోజూ నువ్వు పిండి ముట్టుకోవద్దు."

ఆ హోటల్ మా పేటకి ఎంతో దూరం లేదు. రోజూ దాని ముందు నుంచే బస్సు పోతుంది. ముందు భాగం పాతకాలపు భవంతి, బూడిదరంగు ఇటుకలు, వంపు తిరిగిన పెంకులు. వెనకాల ఆకాశంలోకి లేచిన అద్దాల మేడ. సూచిన్ తన దుప్పటి, తన తేయాకు, తన ఫ్లాస్కు సంచిలో పెట్టుకుని దిగింది. గదిలో ఎవరూ లేరని తెలిసినా తలుపు తట్టి, ఒక పక్కకి తప్పుకుని, "మేం ఒక్క రాత్రికే వచ్చాం, సర్దుకోండి" అని లోపలున్న కంటికి కనపడనివాళ్లకి చెప్పి గానీ అడుగు పెట్టలేదు. వెన్‌వెన్ నెత్తి కొట్టుకుంది.

మంచం పాతకాలపు పెళ్లిమంచంలా ఉంది, కానీ చెక్కా లేదు, చెక్కడమూ లేదు. సన్నటి నల్ల ఇనప కడ్డీలు నాలుగు పైకి లేచి ఆగిపోయాయి.

"పందిరి గీత గీసి, వేయడం మరిచిపోయినట్టున్నారు" అంది సూచిన్.

"అదే డిజైనమ్మా."

"మరి ఈ గాజు గోడేమిటే? స్నానాలగది మొత్తం కనపడుతోంది. చూడ్డానికి టికెట్ పెడతారా?"

"తెర ఉంది. ఇదిగో మీట."

మీట నొక్కితే తెర దిగింది. మళ్లీ నొక్కితే ఎక్కింది. సూచిన్ దాన్ని కాసేపు దింపుతూ ఎక్కిస్తూ కూర్చుంది. తర్వాత నగిషీలు చెక్కిన కిటికీ తలుపులు తీసి చూస్తే, కింద చిన్న తోటలో వెదురు పొదలు, నీళ్లలో ఎర్ర చేపలు. పిండి పిసకని చేతుల్ని ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంటే ఆమెకి భలే హాయిగా అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. అంటే కూతురు ఇంకో రోజు ఉండమంటుందేమోనని.

సాయంత్రం భోజనానికి దిగేముందు వెన్‌వెన్ తల్లి చేయి పట్టుకుంది. "అమ్మా, నువ్వు నువ్వులాగే ఉండు."

"నాలా ఉంటే ఏమయిందో చూశాంగా. ఈసారి నా వల్ల నీ పెళ్లి చెడిందంటే నేను ఈ జన్మకి నన్ను క్షమించుకోలేను" అంది సూచిన్. అది కూడా మెల్లగానే.

మర్యాదలన్నీ ఆమె వల్లె వేసుకునే వచ్చింది. వాటిలో ముఖ్యమైనది, అతిథిని తలుపుకి ఎదురుగా ఉన్న పెద్ద కుర్చీలో కూర్చోబెట్టడం. మా వైపు అదే గౌరవం. తీరా గదిలోకి అడుగు పెడితే కొంప మునిగింది. అది గుండ్రటి గది, మధ్యలో గుండ్రటి బల్ల. గోడకి ఒక పక్క నిండుచంద్రుడిలా గుండ్రంగా కోసిన ద్వారం. సరిగ్గా దానికి ఎదురుగా అలాంటిదే ఇంకొకటి.

"ఏమమ్మాయ్, వీటిలో తలుపేది?" అని వడ్డించే అమ్మాయిని అడిగింది.

"రెండూ తలుపులే పెద్దమ్మా. ఎటు నుంచి చూసినా ఒకేలా ఉండాలని కట్టారు."

"మరి పెద్దవాళ్లు ఎక్కడ కూర్చోవాలి?"

"ఎక్కడ కూర్చున్నా బాగుంటుంది పెద్దమ్మా."

"బాగానే ఉంటుంది నీకు" అని గొణుక్కుంది సూచిన్. గిన్నెలు ఒక ద్వారంలోంచి వస్తున్నాయి కాబట్టి అది వంటింటి దారని, రెండోదే అసలు తలుపని తీర్మానించింది. దానికి ఎదురు కుర్చీని రుమాలుతో తుడిచి పెట్టింది.

కొడుకు వెంట చుయ్ వచ్చింది. బక్కపలచటి మనిషి, నిటారు నడక, తెల్లజుట్టు వెనక్కి దువ్విన తీరులోనే పద్ధతి కనపడుతోంది.

"రండి అక్కయ్యా, ఇలా కూర్చోండి" అంది సూచిన్ తేనె పూసిన గొంతుతో.

"వద్దు వద్దు, అక్కడ మీరు కూర్చోవాలి" అంది చుయ్.

అతిథి మర్యాదకి అలా అనకపోతే ఆశ్చర్యపోవాలి గానీ అన్నందుకు ఎవరు పట్టించుకుంటారు? ఇంకా బతిమాలింది సూచిన్. ఇంకా వద్దంది చుయ్. సూచిన్ ఆమె చేయి పట్టుకుని కుర్చీ వైపు లాగింది. చుయ్ సూచిన్ చేయి పట్టుకుని అదే కుర్చీ వైపు లాగింది. ఇద్దరూ బల్ల చుట్టూ ఒక చుట్టు తిరిగారు. పెద్ద పళ్లెంలో తలతో సహా వండిన చేప పట్టుకొచ్చిన అమ్మాయి దాన్ని దించలేక అలాగే నిలబడింది. చేప తల ముఖ్య అతిథి వైపు పెట్టాలి, ఆ అతిథి ఎవరో తేలితేగా.

"అక్కయ్యా, నా మాట వినండి."

"నిజంగానే చెబుతున్నానండీ. నేనక్కడ కూర్చోకూడదు."

హావ్‌రాన్ ఏదో చెప్పాలని నోరు తెరిచి, అలవాటు లేక మూశాడు. ఈలోగా సూచిన్‌కి ఓపిక అయిపోయింది. మర్యాద అతిగా చేస్తే కూడా అమర్యాదే అవుతుందన్న కంగారు ఒకటి. జీవితమంతా పిండి బస్తాలు మోసిన చేతులాయె. చుయ్‌ని చంకల కింద పట్టుకుని, అంతెత్తున లేపి, తెచ్చి కుర్చీలో కుదేసింది.

వెన్‌వెన్ కళ్లు మూసుకుంది.

చుయ్ చొక్కా సర్దుకుని, ఒక్కో మాటా తూచినట్టు అంది: "మా షాన్‌డోంగ్‌లో తలుపుకి ఎదురుగా కూర్చునేది విందు ఇచ్చేవాళ్లు. అతిథి కాదు."

సూచిన్‌కి అప్పుడు తెలిసింది తను చేసిన పని. వచ్చిన అతిథినే ఎత్తుకెళ్లి ఆతిథ్యమిచ్చేవాళ్ల కుర్చీలో పడేసింది. ఇన్నాళ్లు దాచుకున్న గొంతు ఒక్కసారిగా బయటపడింది. గది మారుమోగింది.

"తప్పయిపోయింది అక్కయ్యా. నాకు తెలీదు. నేనింతే, మోటు మనిషిని, నా గొంతూ అంతే. పిల్ల మాత్రం నాలా కాదు. మెత్తగా మాట్లాడుతుంది, మనసు కూడా మెత్తన. ఏమైనా అనాలంటే నన్ననండి. నన్ను చూసి దాన్ని వద్దనకండి."

"అమ్మా" అంది వెన్‌వెన్.

చుయ్ కాసేపు సూచిన్ చేతుల వైపు చూసింది. పెదవుల చివర నవ్వు మొదలై, ఆగక, భుజాలు కదిలేదాకా వచ్చింది.

"వద్దనేదాన్నయితే పగలంతా రైల్లో నడుము విరగ్గొట్టుకుని వస్తానా? మా ఇంట్లో మా ఆయన మాట్లాడరు, వీడు మాట్లాడడు. గోడ గడియారమే మాకు కబుర్లు చెబుతుంది. అమ్మాయి మెత్తగా మాట్లాడుతుందంటే అదిగో, అప్పుడు బెంగ పట్టుకుంది నాకు. మీరన్నా ఉన్నారు, నయం."

సూచిన్ చేతిలోని రుమాలు మడతపెట్టి, మళ్లీ విప్పింది.

"కుర్చీలో నేనెక్కలేదు, మీరే ఎక్కించారు" అంది చుయ్. "కాబట్టి ఈ పూట విందు నాది. నేను చెప్పినట్టు వినాలి. ముందు ఆ అమ్మాయి చేతులు పడిపోకుండా చేప దించమనండి. మీరిలా నా కుడిపక్కకి రండి, మా వైపు ముఖ్య అతిథి చోటు అదే."

పళ్లెం బల్ల మీదకి దిగింది. చుయ్ బల్ల మీద తిరిగే గాజు చక్రాన్ని మెల్లగా తిప్పి, చేప తల సూచిన్‌కి ఎదురుగా వచ్చాక ఆపింది.

"తినండి, వియ్యపురాలా."

సూచిన్ చాప్‌స్టిక్స్ ఎత్తలేకపోయింది. కొట్టులో వేలు కాలినా ఏడవని మనిషి అందరి ముందూ బావురుమంది. వెన్‌వెన్ వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. కాసేపటికి సూచిన్ కళ్లు తుడుచుకుని, చేప బుగ్గ దగ్గరి మెత్తటి ముక్క తీసి వియ్యపురాలి గిన్నెలో పెట్టింది. చుయ్ దాన్ని తీసి తిరిగి సూచిన్ గిన్నెలో వేసింది. మళ్లీ ఇటు, మళ్లీ అటు. చివరికి ఆ ముక్క హావ్‌రాన్ తిన్నాడు.