ఘాట్ మీద దిగిన పెళ్లికూతురు

నా చిన్నప్పుడు ఒకసారి పెళ్లికూతురి పక్కన కూర్చుని కారులో వెళ్లే భాగ్యం నాకు దక్కింది. మా మేనత్త పెళ్లి తాండూరులో అయింది. ఆమెను వికారాబాదులో అత్తవారింట దిగబెట్టడానికి బయలుదేరిన మా తాతయ్య నన్నూ ఎక్కించుకున్నాడు. ముందు సీట్లో పెళ్లికొడుకూ ఆయన మేనమామా కూర్చున్నారు. అత్త ఒడి నిండా పుట్టింటివాళ్లు పోసిన ఒడిబియ్యం. ఆ ఒడితో కారెక్కిన పిల్ల మళ్లీ అత్తగారి గడప ముందే దిగాలని రెండు వైపులా గట్టి పట్టింపు.

అనంతగిరి ఘాట్ ఎక్కుడులో కారు ఆగిపోయింది. డ్రైవరు ఎంత తంటాలు పడ్డా కదల్లేదు. వెనకాల బండల లోడుతో వస్తున్న లారీవాళ్లు జాలిపడి, మోకు కట్టి పైదాకా లాగుతామన్నారు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి, మా తాతయ్యకు తప్ప. ఆయన మోకును బంపరుకు కట్టనివ్వలేదు. నేలమీద పడుకుని చూసి, కారు కింద ఉన్న ఇనుప కొక్కేనికి కట్టించాడు. దాటబోయే బండ్లవాళ్లకు మోకు కనబడాలని, ఒడిబియ్యంలో పెట్టిన ఎర్ర రవికగుడ్డ తీసి దాని నడుమ కట్టాడు. మేనమామ మొహం అప్పుడే మాడిపోయింది.

తర్వాత డ్రైవరు తప్ప కారులో ఎవరూ ఉండొద్దన్నాడు తాతయ్య. ఒడితో నడిరోడ్డు మీద దిగితే ఇంటికి అరిష్టమనీ, మనం దిగుదాం గానీ ఆమెను మాత్రం కూర్చోనివ్వమనీ మేనమామ పట్టుబట్టాడు. ఎవరి మాట వినాలో తెలియక అత్త ఒడి పట్టుకుని ఏడ్చింది. తాతయ్య భుజం మీది కండువా తీసి, కారు తలుపు కింద నేలమీద పరిచాడు.

"దిగు బిడ్డా. శకునం తప్పితె నన్ను తిడ్తరు, పడ్త. మోకు తెగితె ఎవర్ని తిట్టినా నువ్వు రావు."

అత్త దిగింది. కారు మలుపు తిరిగేదాకా తాతయ్య మమ్మల్ని రోడ్డు అంచున నిలబెట్టి, ఆ తర్వాతే నడిపించాడు. పైకి చేరేసరికి కారు క్షేమంగా ఉంది. మోకు తెగలేదు. ఏమీ కాలేదు.

ఏమీ కాలేదు కాబట్టే ఆయన మాటలు పడ్డాడు. తొలి కాన్పులో అత్తకు పిల్లాడు దక్కకపోతే, దారిలో దించిన తండ్రి వల్లే అన్నారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. తాతయ్య చాటున ఏడ్చాడు. మళ్లీ అలాంటి రోజొస్తే దించుతావా అని ఒకసారి అడిగాను. దించుతానన్నాడు.

మొన్న అదే ఎక్కుడులో నేనూ మా మనవరాలూ ఆమె చంటిపాపా వెళ్తున్న కారు ఆగింది. వెనక జీపువాళ్లు బెల్టు కట్టి లాగుతామన్నారు. ఎండలో చంటిదాన్ని ఎత్తుకుని నడవడం ఎందుకని మనవరాలు విసుక్కుంది. ఆ బెల్టు ఎంత బరువైనా ఆపుతుందట, ఏమీ కాదట.

నేను తలుపు తీసి పట్టుకున్నాను.

"ఏం గాదు బిడ్డా. అయినా దిగు."