పొగాకు డబ్బా మీద అబ్రహాము

రియాద్‌లో నేను పనిచేసే ఇంట్లో పెద్దావిడను చూసుకోవడమే నా పని. ఆవిడను ‘మామా’ అని పిలుస్తాను. అరబ్బీలో అమ్మ అని.

ఆవిడ కొడుక్కి పాత వస్తువులంటే పిచ్చి. ఒకసారి యూరప్ వెళ్లి వస్తూ అరచేతి పొడవున్న ఇత్తడి డబ్బా తెచ్చాడు. వెనకటి రోజుల్లో ఓడల మీద తిరిగేవాళ్లు అందులో పొగాకు దాచుకునేవారట. పొడిగుడ్డతో తుడిచి అద్దాల బీరువాలో పెట్టమన్నాడు.

తుడుస్తుంటే మూత మీద చెక్కిన బొమ్మ తేలింది. గడ్డమున్న ముసలాయన కత్తి ఎత్తాడు. ఎదురుగా కట్టెల మీద ఒక పిల్లాడు. పైనుంచి దేవదూత ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు. పక్క పొదలో పొట్టేలు. చిన్నప్పుడు సండేస్కూల్లో ఈ బొమ్మకే రంగులు వేశాను. దేవుడు అడిగాడని కొడుకునే బలివ్వబోయిన అబ్రహాము, ఆ కొడుకు ఇస్సాకు! ఈ ఇంటికెలా వచ్చారు?

గబగబా ఫొటో తీసి కాకినాడలో ఉన్న అక్కకు పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

“పొగాకు డబ్బా మీద బైబిలు బొమ్మేంటే? చుట్టలు మానండ్రా అని పాస్టరుగారు మొత్తుకుంటుంటేనూ!”

“నాకూ అదే బోధపడట్లేదక్కా.”

“నువ్వు మాత్రం నోరెత్తకు. మన దేవుడి గురించి మాట్లాడావంటే ఇంటికి పంపించేత్తారు.”

ఫోన్ పెట్టేలోపే మామా పిలిచింది. నా చేతిలోని డబ్బా అందుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఇబ్రహీం” అంది నెమ్మదిగా.

పిల్లాడి మీద వేలుపెట్టి “ఇస్సాకు” అనేశాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

“కాదు, ఇస్మాయిల్. ఇబ్రహీం పెద్దకొడుకు.”

నేను తలదించుకున్నాను. ఆవిడకు కోపం రాలేదు.

“మీలో కూడా ఈ కథ ఉందా?”

“ఉంది మామా.”

“పిల్లాడికి బదులు పొట్టేలు వచ్చిందా?”

“వచ్చింది.”

“పిల్లాడు బతికాడా?”

“బతికాడు.”

“అయితే సరే” అంటూ మూత మీద చెయ్యి కప్పింది. “మాలో ప్రవక్తల బొమ్మలు గీయకూడదు. దీన్ని నీ గదిలో పెట్టుకో.”

సాయంత్రం కొడుకు బీరువా చూసి, తల్లి వైపు తిరిగాడు. “ఆమెకిచ్చేశాను” అంది ఆవిడ. అతను బీరువా తలుపు మూసి వెళ్లిపోయాడు.

ఇప్పుడది నా బట్టల మధ్య ఉంది. మూత తీస్తే ఎవరిదో పొగాకు వాసన. మామా దాన్ని నామీద ప్రేమతో ఇచ్చిందో, తన కళ్లముందు ఉండకూడదని నా గదికి పంపిందో ఇప్పటికీ నాకు తెలియదు. అడుగుదామని రెండుమూడుసార్లు వెళ్లాను. కాళ్లు ఒత్తి వచ్చేశాను.