దులపని బార్దాన్

టైరుకు గాలి కొట్టి పైపు లాగేటప్పుడు 'టస్సు' మని ఒక చప్పుడొస్తుంది. అది వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మొన్న ఉప్పల్‌లో స్కూటీకి గాలి కొట్టించుకుంటున్నప్పుడూ అంతే అయింది. షాపాయన నా ముఖం చూసి "ఏమైందమ్మా, ఎక్కువ కొట్టిన్నా?" అని కంగారుపడ్డాడు. ఏం లేదని చెప్పి వచ్చేశాను. ఆ చప్పుడుతో నాకు మిర్యాలగూడ గుర్తొస్తుంది, అక్కడ మాకు పెద్దగా ఉండిన ఎస్తేరు మేడం గుర్తొస్తారు, ఆమెకు జరిగింది గుర్తొస్తుంది. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు. చల్లార్చుకోవాలని నేనూ అనుకోలేదు.

అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. నేను నిడమనూరు నుంచి రోజూ బస్సులో మిర్యాలగూడ వెళ్లి ఉద్యోగం చేసేదాన్ని. రైస్‌మిల్లుల మధ్య ఒక చిన్న కంపెనీ, బియ్యం ఏరే కలర్ సార్టర్లు తయారుచేసేది. బియ్యం ఒక రేకు మీద నుంచి జారుతుంటే కెమెరా ప్రతి గింజనూ చూస్తుంది, నల్లగింజ కనబడితే సన్నటి గాలి దెబ్బతో పక్కకు ఎగరగొడుతుంది. ఆ కెమెరా వెనక నడిచే ప్రోగ్రాం మేము సి ప్లస్ ప్లస్‌లో రాసేవాళ్లం. పొద్దున బ్రహ్మాండంగా నడిచే మిషను మధ్యాహ్నానికి నత్తనడక పట్టేది. గాలి ఆలస్యంగా కొట్టేది. నల్లగింజ తప్పించుకుపోయి వెనకాల వచ్చే తెల్లగింజ దెబ్బ తినేది. మిల్లర్లు ఫోన్లు చేసి మమ్మల్ని కడిగిపారేసేవారు. ఇక లాభం లేదని కంపెనీ ఓనరైన మా పెద్దసారు సూర్యాపేటలో ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఎస్తేరు మేడంను తీసుకొచ్చి మాకు పెద్దగా పెట్టారు. ఆమెది కోదాడ. తండ్రి బడిపంతులు, ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించేవాడట. మేడంకు మాత్రం ప్రార్థన చేసేవాళ్ల నెమ్మది ఏ కోశానా లేదు. తప్పు కనబడితే అరిచేవారు, సరిదిద్దితే మరుక్షణం మరిచిపోయేవారు.

వచ్చిన వారంలోనే మమ్మల్ని కంప్యూటర్ల ముందు నుంచి లేపి పక్క మిల్లులోకి తీసుకెళ్లారు. అక్కడ బార్దాన్, అంటే ఖాళీ గోనెసంచులు, మనిషెత్తు దొంతరగా ఉన్నాయి. హమాలీలు దొంతర మీది సంచి తీసి, ఒక్కసారి దులిపి, నింపుతున్నారు. ఇంకోపక్క ఖాళీ అయిన సంచి మళ్లీ దొంతర మీదికే వస్తోంది.

"ప్రతి సంచికీ బజారుకెళ్లి కొనుక్కొస్తున్నారా వీళ్లు?" అని అడిగారు మేడం.

"లేదు మేడం."

"మరి మీరెందుకెళ్తున్నారు? గింజ పడ్డప్పుడల్లా మెమరీ కోసం సిస్టమ్ కాళ్లు పట్టుకోవడం, అది పోగానే తిరిగిచ్చెయ్యడం. మధ్యాహ్నానికి ఎక్కడ పడితే అక్కడ చిన్న చిన్న ఖాళీ ముక్కలు. వాటిల్లో వెతుక్కోలేక ఛస్తోంది మీ ప్రోగ్రాం!"

ఆ తర్వాత ప్రోగ్రాంలో ఆమె రాసిన క్లాసుకు, అంటే ఆ కోడు ముక్కకు, పెట్టిన పేరు కూడా బార్దానే. మిషను ఆన్ చెయ్యగానే సరిపడా మెమరీ ఒకేసారి తీసుకుని, గింజల వివరాలు దాచే ఆబ్జెక్టులన్నీ, అంటే మా ఖాళీ సంచులన్నీ, అప్పుడే తయారుచేసి పెట్టుకోవడం, ఇక రోజంతా వాటినే తిప్పితిప్పి వాడటం. ప్రతి ఖాళీ ఆబ్జెక్టులోనే తన తర్వాతి ఖాళీది ఎక్కడుందో గుర్తు ఉంటుంది కాబట్టి వెతుకులాట ఉండదు. పైది తీసుకోవడం, పని కాగానే పైన పెట్టడం, అంతే. అయితే తీసుకున్న ప్రతిసారీ 'దులుపు' అనే చిన్న ఫంక్షన్ నడవాలి. అంతకుముందున్న గింజ రంగు, సైజు, అది చెడ్డదని పెట్టిన గుర్తు, అన్నీ అది తుడిచేస్తుంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం కూడా మిషను పొద్దుటిలాగే నడిచింది. పెద్దసారు స్వీట్లు పంచారు. నాకైతే ఆ కోడు చదువుతుంటే కడుపు నిండినట్టుండేది. రాయడమంటే ఇలా రాయాలని నాకు తెలిసింది అప్పుడే.

అంతలో పెద్దసారి అల్లుడు నవీన్ దిగాడు, మేనేజర్‌గా. మిల్లర్లందరినీ పిలిచి డెమో పెడదామన్నాడు, మిషను ఇంకా వేగంగా నడవాలన్నాడు. "ప్రతి గింజకు గీ దులుపుడేంది మేడం? టైమ్ వేస్ట్. తీసెయ్యిన్రి" అన్నాడు. "అది తీస్తే మిషనుకి మతిపోతుంది, ముట్టుకోవద్దు" అన్నారు మేడం. ఆయన ముఖం మాడిపోయింది. డెమోకు ముందురోజు కోదాడలో ఒక మిల్లులో మిషను బిగించే పని మేడంకు అంటగట్టి, ఆమె అటు వెళ్లగానే దులుపును పిలిచే లైను తానే తీసేశాడు. "తీయొద్దు సార్" అని నేను అడ్డం పడితే "నీ పని నువ్వు సూస్కో" అని కసిరాడు.

డెమో రోజు మొదట కాసేపు అన్నీ కొత్త సంచులే కదా, మిషను ముత్యాల్లాంటి బియ్యం పోసింది. మిల్లర్లు తలలూపారు. తర్వాత టస్సు, టస్సు మంటూ మంచి గింజలు ఎగరడం మొదలైంది. చూస్తుండగానే మిషను తెల్లటి బియ్యాన్నంతా రిజెక్షన్ డబ్బాలోకి కొట్టేస్తోంది, ఆగకుండా. మిల్లర్లు పకపకా నవ్వారు. ఒకాయన దోసెడు బియ్యం ఎత్తి పెద్దసారి ముందే నేల మీద పోసి వెళ్లిపోయాడు.

మర్నాడు మేడం కోదాడ నుంచి రాగానే అందరినీ గదిలో కూర్చోబెట్టారు. "బార్దాన్ మేడం రాసిందే గద" అన్నాడు నవీన్, సిగ్గన్నది లేకుండా. నేను లేచి, ఏ లైను ఎవరు తీశారో చెప్పాను. మేడం కుర్చీలోంచి లేవకుండానే పెద్దసారికి వివరించారు. "ఒకసారి నల్లగింజ కూర్చున్న చోట తర్వాత ఏ గింజ కూర్చున్నా, అది ఎంత తెల్లగా ఉన్నా, నల్లదే అనుకుంటుంది మిషను. అందుకే సార్ దులపమన్నాను." ఆ లైను మళ్లీ పెట్టి అక్కడికక్కడే నడిపించి చూపించారు. మిషను చక్కగా నడిచింది. ఒక్క మంచి గింజ కూడా ఎగరలేదు.

పెద్దసారు చాలాసేపు దాన్ని చూశారు. తర్వాత "నాకు సమజైంది మేడం. కానీ మిల్లర్లకు ఎవలో ఒకల పేరు చెప్పాలె గద. అల్లుని పేరు ఎట్ల చెప్తం?" అన్నారు. నవీన్ పక్కకు తిరిగి, అందరికీ వినబడేలా, "రిజర్వేషన్ సదువులు గిట్లనే ఉంటయ్" అన్నాడు. గదిలో అంతమందిమి ఉన్నాం. తిడితే నేనొక్కదాన్నే తిట్టాను. పెద్దసారు నన్ను కూర్చోమన్నారు, వాణ్ని ఏమీ అనలేదు. ఆమె కోడు ఉంచుకున్నారు. ఆమెను పంపించేశారు. సూర్యాపేట నుంచి కోదాడ దాకా మిల్లర్లందరికీ తప్పు ఆమెదేనని చెప్పుకున్నారు.

బస్టాండు దాకా నేను వెంట వెళ్లాను. "మేడం, మీరు ఊ అనండి, రేపే ఆ దులుపు మళ్లీ తీసిపారేస్తా. వాళ్ల మిషన్లన్నీ మట్టికొట్టుకుపోనీ" అన్నాను. "గింజలేం చేశాయే?" అన్నారు మేడం. కోదాడ బస్సెక్కి కూర్చుని, కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు. ఆ నిబ్బరం చూసి నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది. నెల తిరక్కుండా నేనూ మానేశాను.

కొన్నేళ్ల తర్వాత, రాష్ట్రం వచ్చిన కొత్తలో, సూర్యాపేటలో ఒక పెళ్లిలో పెద్దసారు కనబడ్డారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నలుగురికీ పరిచయం చేశారు. కంపెనీ పెద్దదైందట. "సాఫ్ట్‌వేర్ అంత మా అల్లుడే రాసిండు" అన్నారు. నేను విస్తరి ముందు నుంచి లేచి నిలబడి, బంతి మొత్తానికి వినబడేలా అన్నాను: "అది రాసింది ఎస్తేరు మేడం. మీ అల్లుడు దాన్ని చెడగొట్టిండు. అది తెలిసి కూడ మీరు ఆమెను ఎల్లగొట్టిన్రు." వడ్డించేవాళ్లు ఆగిపోయారు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

బయటికొచ్చి మేడంకు ఫోన్ చేశాను. తిడతారనుకున్నాను. అంతా విన్నారు. తర్వాత, అంత పెద్ద గొంతున్న మనిషి, చిన్నగా అడిగారు.

"ఏమన్నావో మళ్లీ చెప్పు."

చెప్పాను.

"మళ్లీ చెప్పవే" అన్నారు.

ఆ మాటలు ఇప్పటికీ నా నాలుక చివరే ఉంటాయి. ఎవరడిగినా చెప్తాను, అడక్కపోయినా చెప్తాను.