అప్పగించిన తర్వాతి ఆదివారాలు

ఒక కుక్కను మరొకరికి అప్పగించడం ఏ క్షణంలో పూర్తవుతుందో నాకు ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. పొలమైతే రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకంతో చేతులు మారుతుంది. ఇల్లు ఖాళీ చేసేవాళ్లు తాళంచెవి ఇచ్చి వెళ్లిపోతారు. కుక్క విషయంలో నాకు సలహా చెప్పినవారు ఇద్దరున్నారు గానీ, వారి మాటలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఆ ఇద్దరి మధ్య కొన్ని ఆదివారాలు నేను సూర్యాపేట, కోదాడల నడుమ బస్సుల్లో తిరిగాను.

నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. మాది తిరుమలగిరి వైపు గొర్లు కాచుకునే కుటుంబం; అందులో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. వానాకాలంలో ఒక సాయంత్రం కళాశాల నుంచి గదికి నడిచి వస్తుంటే, హైవే పక్క సర్వీసు రోడ్డు మీద గోధుమరంగు ఆడకుక్క ఒకటి పడి ఉంది. ఏదో బండి తగిలి దాని దవడ పక్కకు జరిగిపోయింది. చున్నీలో చుట్టి, ఆటోలో పశువుల దవాఖానకు తీసుకువెళ్లాను. ఎందుకు తీసుకువెళ్తున్నానని ఆలోచించిన గుర్తు లేదు. దారి పొడుగునా అది నా చేతిని కరవకపోవడం మాత్రం గుర్తుంది.

డాక్టరు దవడకు తీగతో కట్టు వేసి, "ఇది గిన్నెల నుంచి తినలేదు మేడమ్. పాలన్నం మెత్తగా పిసికి, కొద్దికొద్దిగ నోట్లె పెట్టాలె" అన్నారు.

"ఎవరు పెట్టాలి సార్?" అని అడిగాను.

ఆయన గది చుట్టూ ఒకసారి చూశారు. "ఇంకెవరున్నరు మేడమ్ ఇక్కడ?"

నేను కిరాయికి ఉంటున్న ఇంటి యజమానురాలు దవడ మానేంతవరకు ఒప్పుకున్నారు. "మానినంక మాత్రం వేరే ఇల్లు సూస్కో మేడమ్. దానికైనా సరే, నీకైనా సరే" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, అది నవ్వులాట కాదని నాకు తెలుసు. కట్టు విప్పేలోగా దానికొక ఇల్లు వెతకాలి.

చిన్న తరగతుల నుంచి హాస్టళ్లలో పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడి తిన్నదాన్ని. నా చేతులతో మరొక ప్రాణికి ముద్దలు పెట్టడం నాకు కొత్త. పొద్దున, సాయంత్రం నేల మీద కూర్చుని పెట్టేదాన్ని. అది నా వేళ్లను నాలుకతో మెల్లగా పక్కకు తోసి, అన్నం మాత్రం తీసుకునేది.

ఆ రోజుల్లోనే మా అమ్మ జొన్నరొట్టెల మూటతో వచ్చింది. గుమ్మంలోనే నిలబడి కుక్కను, దాని కింద పరిచిన నా దుప్పటిని చూసింది.

"మంద లేదు, దొడ్డి లేదు. గిది దేనికి కావలి కాస్తది బిడ్డా? నీ పుస్తకాలకా?"

"కావలికి కాదమ్మా. దెబ్బ తాకింది. మానినంక ఎవరికన్న ఇస్త."

"పేరు వెట్టినవా?"

"లే."

"వెట్టకు. పేరు వెట్టినంక ఇయ్యబుద్ధి గాదు."

అమ్మ మాట విని పేరు పెట్టలేదు. పేరు పెట్టకపోతే ఇవ్వబుద్ధి అవుతుందని అమ్మ చెప్పలేదన్న సంగతి తర్వాత తోచింది.

మొదట పిలుపు మిర్యాలగూడ నుంచి వచ్చింది. అక్కడ ఒక బియ్యం మిల్లు యజమాని కుక్క కావాలన్నారు. సెలవు రోజు చూసుకుని వెళ్లాను. షెడ్డు కింద మంచి నీడ ఉంది. నీళ్ల తొట్టి శుభ్రంగా ఉంది. స్తంభానికి గొలుసు ఉంది.

"మా దగ్గర దానికేం తక్కువైతది మేడమ్? అన్నానికి కొదవ లేని జాగ ఇది" అన్నారాయన.

"ఆ గొలుసు…"

"రాత్రి ఇప్పుతం. పొద్దంత లారీలొస్తయి గదా. ఇడిసిపెడితే మళ్ల ఏదో లారీ కింద పడతది. మళ్ల మీరే ఏడుస్తరు."

ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. ఆలోచించి చెబుతానని వచ్చేశాను. బస్సులో కూర్చుని ఆలోచించినా కారణం దొరకలేదు. అయినా మరునాడు ఫోన్ చేసి, కుదరదని చెప్పాను. ఎందుకని ఆయన అడిగితే, ఇంకో రెండిళ్లు చూడాలన్నాను.

"మీరు కుక్కకు ఇల్లు సూస్తున్నరా, సంబంధం సూస్తున్నరా మేడమ్?" అని నవ్వి, "మనసు మారితే చెప్పండి" అని పెట్టేశారు.

తర్వాత మా కళాశాల సహోద్యోగి ఒకరు కోదాడలోని దంపతుల సంగతి చెప్పారు. ఆయన రిటైరైన బడిపంతులు. ఎన్నో ఏళ్లు పెంచుకున్న కుక్క ఎండాకాలంలో చనిపోయిందట. వాళ్లింటి ముందు జామచెట్టు, చుట్టూ ప్రహరీ, ఎప్పుడూ వేసి ఉండే గేటు ఉన్నాయి. గొలుసు లేదు. చేతి ముద్దకే అలవాటు పడిందని నేను చెబితే, ఆయన భార్య, ఆ ఇంటి అమ్మ, "దానిదేముందండి, మా పిల్లలకు పెట్టలేదా" అన్నారు. గుమ్మంలో ఆమె దాని తల మీద చెయ్యి వేసిన తీరు చూసి, ఇదే ఇల్లు అనుకున్నాను. కట్టు విప్పించిన వారం అక్కడే వదిలి వచ్చాను.

దవాఖానలో ఈ మాట చెబితే డాక్టరు సంతోషించారు. "ఇచ్చి ఊకోకండి మేడమ్. కొన్ని వారాలు పోయి సూసి రండి. ఇచ్చినోళ్లు అడగకపోతే తీసుకున్నోళ్లు పట్టించుకోరు" అన్నారు.

ఇదే మాట అమ్మకు ఫోన్‌లో చెప్పాను. అమ్మకు నచ్చలేదు.

"వద్దు బిడ్డా. మంద కుక్కను వేరేటోళ్లకు ఇస్తే, ఇచ్చినోడు మళ్ల దాని కంట వడొద్దు. వడితే అది అటూ గాదు, ఇటూ గాదు."

"ఎన్ని దినాలమ్మా?"

"దినాలేంది? అది మర్సిపొయ్యేదాక."

"మర్సిపోయిందని పోయి సూడకుంట ఎట్ల తెలుస్తది?"

"గంత సదువుకున్నవ్. నువ్వే చెప్పు" అని పెట్టేసింది.

చదువుకున్నదాన్ని గనుక డాక్టరు మాటే పాటించాను. ప్రతి ఆదివారం కోదాడ బస్సెక్కేదాన్ని. వాళ్లు చర్చి నుంచి వచ్చే వేళకు గేటు దగ్గర ఉండేదాన్ని. కుక్క నా మీదికి ఎగిరేది. ఆ అమ్మ కోడిగుడ్ల కూరతో భోజనం పెట్టి, ఆ తర్వాత టీ ఇచ్చేవారు.

"తింటుందా అమ్మా?"

"తింటుందండి. మీరేం కంగారుపడకండి."

నేను ముద్దలు చేసి పెడితే పళ్లెం ఖాళీ చేసేది. కానీ వెళ్లిన ప్రతిసారీ దాని డొక్కలు ఇంకొంచెం లోపలికి పోయినట్టు కనిపించేవి. తింటోందని వాళ్లు చెబుతున్నారు, తినడం నా కళ్లతో చూస్తున్నాను, అది చిక్కిపోతోంది. ఈ మూడూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం కాలేదు. ఆ దంపతులను అనుమానించడానికి మనసు రాలేదు. అనుమానించకుండా ఉండడమూ చేతకాలేదు.

ఒక ఆదివారం ఆ సారు నన్ను బస్టాండు దాకా సాగనంపడానికి వచ్చారు. దారిలో ఆగి, "అమ్మా, ఒక మాట. ఏమీ అనుకోవద్దు" అన్నారు. "మీరు వెళ్లిన దగ్గర్నుంచి గేటు దగ్గరే పడుకుంటుందండి. నీళ్లు తాగుతుంది, అంతే. వారం మధ్యలో కాస్త మెతుకు ముట్టడం మొదలెడుతుంది. అంతలో మళ్లీ ఆదివారం వస్తుంది."

"మరి మొదట్లోనే చెప్పలేదేం సార్?"

"ఇంటికొచ్చే మనిషిని రావద్దని ఎలా అంటామండి? ఇప్పుడు చెప్పానని తెలిస్తే మా ఆవిడ నాకూ అన్నం పెట్టదు."

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన గొంతు తగ్గించి, "ఇంకొక్క వారం చూస్తామమ్మా. అప్పటికీ తినకపోతే మీరే తీసుకెళ్లాలి. కళ్లముందు ఇంకొకటి పోతే ఆమె తట్టుకోలేదు" అన్నారు.

తీసుకువెళ్లడానికి నాకు చోటు లేదు. ఇక మిగిలింది ఆ మిల్లు, ఆ స్తంభం.

డాక్టరు దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన నుదురు రుద్దుకున్నారు. "నేను మిమ్మల్ని దాన్ని సూసి రమ్మన్న మేడమ్. అది మిమ్మల్ని సూడాలని అనలే గదా."

ఆ వారమంతా ఈ మాటనూ అమ్మ మాటనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. చివరికి ఆదివారం కోదాడ వెళ్లాను గానీ, వాళ్లింటికి వెళ్లలేదు. సారుతో ముందే మాట్లాడుకుని, వెనక వీధి నుంచి పక్కింటి మేడ మెట్లు ఎక్కి, పిట్టగోడ చాటున నిలబడ్డాను. మేడ మీద బట్టలు ఆరేస్తున్న పక్కింటావిడ, "ఎవరి కోసమండీ?" అని అడిగారు. "కుక్క కోసం" అన్నాను. ఆవిడ ఆరేసిన దుప్పటి కొంచెం పక్కకు జరిపి, నాకు చోటిచ్చారు.

కింద ఆ అమ్మ ఆ రోజు చర్చికి పోలేదు. పళ్లెంలో అన్నం పెట్టుకుని జామచెట్టు కింద నేల మీద కూర్చున్నారు. కుక్క గేటు దగ్గర పడుకుని రోడ్డు వైపు చూస్తోంది. ఆమె దాన్ని పిలవలేదు. తన అన్నం తాను తింటూ, మధ్యలో ఒక ముద్ద చేసి, చెయ్యి చాచి ఊరుకున్నారు. చాలాసేపు ఏమీ జరగలేదు. చర్చి వేళ దాటింది. నేను వచ్చే వేళ కూడా దాటింది. ఆమె చెయ్యి దించి, తన ముద్దలు రెండు తిని, మళ్లీ చాచారు. కుక్క లేచింది. సగం దూరం వచ్చి ఆగి, గేటు వైపు తిరిగి చూసింది. నేను కిందికి వంగాను. మళ్లీ తల ఎత్తేసరికి అది ఆమె వేళ్లను నాలుకతో పక్కకు తోస్తోంది.

పళ్లెం సగం దాకా తిన్నది. తిన్నాక తిరిగి గేటు దగ్గరికే పోయి, మూతి రోడ్డు వైపు పెట్టి పడుకుంది.

"భలే కాపలా కాస్తుందండి" అన్నారు పక్కింటావిడ.

అది ఆ ఇంటికి కాపలా కాస్తోందో, నా కోసం ఎదురుచూస్తోందో ఆ మేడ మీది నుంచి తెలియలేదు. పడుకున్న తీరు రెండింటికీ ఒకటే. తిన్నదని నా గుండె తేలికైంది. ఆ వెంటనే, ఆమె చేతిలో తిన్నదని ఏదో చిన్నబుచ్చుకున్నట్టు కూడా అయింది. ఈ రెండింటిలో ఏది ముందు కలిగిందో చెప్పలేను. ఆ అమ్మ పళ్లెం తీసుకుని లోపలికి వెళ్తూ ఒక్కసారైనా మేడ వైపు చూడలేదు. నేను అక్కడున్నానని ఆమెకు తెలుసు; సారు చివరికి ఆమెకు అంతా చెప్పేశారు. వెనక వీధిగుండానే బస్టాండుకు నడిచాను.

తర్వాతి ఆదివారం వెళ్లలేదు. ఆ పై ఆదివారమూ వెళ్లలేదు. అప్పటి నుంచి సారే ఫోన్ చేస్తున్నారు. తింటోందని, డొక్కలు నిండుతున్నాయని, కూరగాయల బండి అతన్ని చూసి మొరిగిందని చెప్పారు. నా గదిలో ఉన్నన్నాళ్లూ అది ఒక్కసారి కూడా మొరగలేదు. మొన్న మాట్లాడి పెట్టేసే ముందు ఆయన, "వీలు చూసుకుని ఒకసారి ఇంటికి రండమ్మా" అన్నారు.

"తప్పకుండా వస్తాను సార్" అన్నాను.

ఎప్పుడని ఆయన అడగలేదు.