తెరచాప మీద నా గీత

ఎమర్జెన్సీ రోజుల్లో పనిమీద అనంతపురం నుంచి విశాఖపట్నం వెళ్లాను. అక్కడా మా ఊళ్లో లాగే గోడలన్నీ తెల్లగా ఉన్నాయి. నినాదం కనిపించిన చోటల్లా సున్నం కొట్టేశారు. నేనూ నెలల తరబడి పైకి ఒక్క మాట అనలేదు.

జాలరిపేట ఒడ్డున ఇసుకలో కొత్త తెరచాప పరిచి, పేటంతా దాని చుట్టూ మూగింది. గుడ్డ మీద పడవలకు పూసే తారుతో ఇంత పెద్ద చేప! ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో పొలుసు గీస్తున్నారు. చేపలమ్మే పెద్దావిడ ఒకామె నా చేతికి కుంచె అందించింది.

"నేను ఈ ఊరివాణ్ణి కాదమ్మా," అన్నాను.

"అయితే ఏటి బాబూ? తెరసాప కొత్తగా నీటికెల్లే రోజు ఒడ్డునున్నోలందరూ ఓ గీత గీయాల. అది మా ఆనవాయితీ."

"మరి చేప నోరు అంతలా తెరుచుకుందేం?"

"ఎప్పుడూ మూసిన నోరే గీత్తాం. ఇప్పుడు మన నోర్లు మూసేత్తన్నారని దాని నోరు తెరిసాం."

"పోలీసులు చూస్తే?"

"గోడకైతే సున్నం ఏత్తారు. సముద్రంలోకొచ్చి ఏత్తారేటి?"

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వుతూనే తోక పక్కన ఒక పొలుసు గీశాను.

పడవ అలలు దాటింది, తెరచాప గాలికి పొంగింది. బీచ్ రోడ్డు మీద పోలీసు జీపు ఆగింది. లాఠీలు పట్టుకున్నవాళ్లు దిగి, నోరు తెరిచిన ఆ చేపను అలా చూస్తూ నిలబడిపోయారు. వాళ్లకు వినిపించేలా నేను గొంతు చించుకుని అరిచాను:

"అదుగో, తోక పక్కన పొలుసు! అది నాదే!"